విదేశాలకు వెళ్లే విశాఖవాసులు తరచుగా అడిగే ప్రశ్నలు: ఛార్జర్లు, ప్లగ్గులు, పవర్ బ్యాంకులు

ఇరవై ఏళ్లకు పైగా సరుకు ఓడల్లో ఎలక్ట్రికల్ ఆఫీసర్‌గా పనిచేసి, ఇప్పుడు విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటున్నాను. మా అపార్టుమెంటులో పిల్లలు బయటి దేశాల్లో ఉన్న ఇళ్లే ఎక్కువ. జూలై వచ్చిందంటే అమెరికా చదువులకు వెళ్లే పిల్లలు, కూతురి పురుడుకు వెళ్లే అమ్మలు, గల్ఫ్‌లో పనికి కుదిరినవాళ్లు, మొదటిసారి ఓడ ఎక్కబోయే కుర్రాళ్లు ఛార్జర్లు చేత పట్టుకుని మా తలుపు తడతారు. అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

ప్రయాణానికి ముందు నేను చూసుకోవలసిన మొదటి విషయం ఏమిటి?

ఛార్జర్ వెనక ఉన్న చిన్న అక్షరాలు. తెల్ల ప్లాస్టిక్ మీద లేత బూడిద రంగులో అచ్చేస్తారు కాబట్టి మామూలుగా చూస్తే కనబడవు. ట్యూబ్‌లైట్ కింద కాస్త వాలుగా పట్టుకోండి. లేదా ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఇన్‌పుట్ అన్న మాట పక్కన 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఆ ఛార్జర్ దాదాపు ఏ దేశంలోనైనా పనిచేస్తుంది. హెర్ట్జ్ అంటే కరెంటు అల సెకనుకు ఎన్నిసార్లు వస్తుందో ఆ లెక్క. 220-240 అని మాత్రమే ఉన్నా, ఒక్క 230 అంకే ఉన్నా, దాన్ని అమెరికా, కెనడా, జపాన్ తీసుకెళ్లకండి.

దాని కిందే అవుట్‌పుట్ అని ఇంకో వరుస ఉంటుంది. అందులో 5, 9, 20 వోల్టుల్లాంటి అంకెలు కనబడతాయి. అది ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో వెళ్లే కరెంటు. చాలామంది ఆ వరుస చదివి కంగారుపడుతుంటారు. గోడలోని కరెంటుకు సంబంధించింది పై వరుస ఒక్కటే.

ఫోన్, ల్యాప్‌టాప్, కెమెరా, ట్యాబ్ ఛార్జర్లు ఈ రోజుల్లో దాదాపు అన్నీ 100-240వే. బెడద అంతా వంటింటి సామానుతోనూ, మందుల పెట్టెలోని మెషీన్లతోనూ.

యూనివర్సల్ అడాప్టర్ కొన్నాను. ఇక వోల్టేజీ సంగతి చూసుకోనక్కర్లేదా?

చూసుకోవాలి. అడాప్టర్ చేసేది పిన్ను ఆకారం మార్చడమే. ఇటు పక్క మన మూడు గుండ్రటి పిన్నులు దూరతాయి, అటు పక్క అమెరికా రేకు పిన్నులు బయటికొస్తాయి. గోడలో 120 వోల్టులుంటే లోపలికీ 120 వోల్టులే వస్తాయి. పిన్ను పట్టిందంటే కరెంటు సరిపోయినట్టు కాదు. నా దగ్గరికొచ్చే కాలిపోయిన సామానులో చాలావాటి వెనక ఉన్నది ఈ ఒక్క పొరపాటే.

ఏ దేశంలో ఏ కరెంటు, ఏ పిన్ను?

మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మూడు గుండ్రటి పిన్నుల మన ప్లగ్గును బయట డి రకం అంటారు. సింగపూర్, మలేషియా, యూఏఈ, ఖతార్, ఇంగ్లండ్‌లలో వోల్టేజీ మనలాంటిదే గానీ పిన్నులు మూడు పలకలుగా, లావుగా ఉంటాయి. అది జి రకం. సౌదీలో ఇళ్ల కరెంటు 230 వోల్టులే, కానీ 60 హెర్ట్జ్. జర్మనీ, ఫ్రాన్స్ వైపు రెండు గుండ్రటి పిన్నులు. మన ఫోన్ ఛార్జర్ల సన్న రెండు పిన్నులు అక్కడ చాలాచోట్ల అలాగే దూరతాయి. సాకెట్టు గుంటలోకి ఉంటుంది కాబట్టి బండగా ఉన్న ఛార్జర్ మాత్రం అంచుకు తగిలి ఆగిపోవచ్చు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఏటవాలు రేకులు, 230 వోల్టులు. అమెరికా, కెనడాల్లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్, నిలువు రేకులు.

జపాన్‌ది వేరే దారి. అక్కడ 100 వోల్టులే. పైగా టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60. 1890ల్లో టోక్యో జర్మనీ నుంచి జనరేటర్లు తెప్పించుకుంది, ఒసాకా అమెరికా నుంచి తెప్పించుకుంది. ఆ తేడా ఇప్పటికీ అలాగే ఉండిపోయింది. ఫోన్ ఛార్జర్‌కు దీనితో పేచీ లేదు. మోటారు ఉన్న వస్తువుకు ఉంది.

అమ్మాయి పురుడుకు న్యూజెర్సీ వెళ్తున్నాను. మన మిక్సీ, వెట్ గ్రైండర్ తీసుకెళ్లచ్చా?

వద్దమ్మా. ఈ ప్రశ్న వెనక ఎంత ప్రేమ ఉంటుందో నాకు తెలుసు. అక్కడి బ్లెండర్‌లో మినప్పప్పు మెత్తగా నలగదు, పచ్చడి మన పచ్చడిలా ఉండదు. కూతురికి వేడి ఇడ్లీ పెట్టాలన్న తాపత్రయంతో కిలోల కొద్దీ బరువు మోసుకెళ్తారు. తీరా వెళ్లాక అది పనిచేయదు.

మిక్సీలో కార్బన్ బ్రష్‌ల మోటారు ఉంటుంది. 230 వోల్టులకు చుట్టిన ఆ మోటారుకు 120 ఇస్తే తిరుగుతుంది గానీ సత్తువ పావు వంతుకు పడిపోతుంది. ఖాళీ జార్ తిప్పితే బానే ఉందనిపిస్తుంది. పప్పు వేయగానే ములుగుతూ ఆగిపోతుంది. అలా ఆగినప్పుడు స్విచ్ ఆపకుండా ఉంచితే మోటారు లోపలి రాగి తీగ చుట్ట (వైండింగ్) వేడెక్కి వాసనొస్తుంది. వెట్ గ్రైండర్‌ది ఇంకో రకం మోటారు, అది అసలు కదలదు. హుమ్మని చప్పుడు చేస్తూ కూర్చుంటుంది. ఆ చప్పుడు వింటూ రాయి బిగిసిందేమోనని చేత్తో తిప్పి చూస్తారు. ఆ పని అసలు చేయకండి. వెంటనే ప్లగ్గు పీకేయండి.

మన కంపెనీలే అమెరికా కరెంటుకు తగ్గట్టు 110 వోల్టుల మిక్సీలు, గ్రైండర్లు చేస్తున్నాయి. అక్కడి ఇండియన్ స్టోర్లలోనే దొరుకుతాయి. ఇక్కడి నుంచే కొని తీసుకెళ్లాలనుకుంటే షాపులో 110 వోల్టులదని గట్టిగా చెప్పి, డబ్బా మీది అంకె కాదు, మెషీన్ అడుగున అతికించిన రేకు మీది అంకె చూసి తీసుకోండి. దాన్ని ఇక్కడ ఇంట్లో పెట్టి పరీక్షించకండి. మన 230 ఇస్తే అది మొదటి నిమిషంలోనే పోతుంది.

సింగపూర్, దుబాయ్, లండన్ వెళ్లేవాళ్లకు ఈ చిక్కు లేదు. వోల్టేజీ ఒకటే కాబట్టి సరైన ప్లగ్గుంటే మన మిక్సీ చక్కగా తిరుగుతుంది. చవక ట్రావెల్ అడాప్టర్‌తో కాకుండా, ఎలక్ట్రీషియన్ చేత అక్కడి ఫ్యూజున్న ప్లగ్గు బిగించుకుంటే మేలు.

ఇస్త్రీ పెట్టె, రైస్ కుక్కర్, జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్?

వేడి పుట్టించే వస్తువుల లెక్క తేలిక. వోల్టేజీ సగమైతే వేడి సగం కాదు, పావు వంతవుతుంది. ఇక్కడి 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె అమెరికాలో 270 వాట్ల దగ్గర ఆగుతుంది. చీర మడత కూడా పోదు. కుక్కర్‌లో బియ్యం నానుతాయి గానీ ఉడకవు. ఇవన్నీ అక్కడే కొనుక్కోండి.

స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే అన్నీ పనిచేస్తాయంటున్నారు, నిజమేనా?

కొంతవరకు నిజం. 120ని 230 చేసే ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయి. కానీ 750 వాట్ల మిక్సీకి కనీసం దానికి రెట్టింపు సామర్థ్యం ఉన్నది కావాలి, ఎందుకంటే మోటారు కదిలే క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. అంతటి ట్రాన్స్‌ఫార్మర్ లోపలంతా ఇనుమూ రాగీనే, సూట్‌కేసులో మోసే సరుకు కాదు. పైగా అది వోల్టేజీని మారుస్తుంది గానీ హెర్ట్జ్‌ను మార్చదు.

అరచేతిలో పట్టేంత ట్రావెల్ కన్వర్టర్లు కూడా అమ్ముతారు, 1600 వాట్లు అని రాసి. వాటిలో చాలావాటిలో అసలు ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. కరెంటు అలలను కత్తిరించి పంపుతాయి. హీటింగ్ కాయిల్ దాన్ని ఓర్చుకుంటుంది. ల్యాప్‌టాప్, మందుల మెషీన్ లాంటి వాటికి మాత్రం వాటిని తగిలించకండి.

మా నాన్నగారికి ఆయాసం. నెబ్యులైజర్, సీప్యాప్ తీసుకెళ్తే పనిచేస్తాయా?

ఈ ఒక్క ప్రశ్నకైనా జవాబు పూర్తిగా చదవమని వేడుకుంటున్నాను. నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కు గుండా గాలి పంపే సీప్యాప్ మెషీన్లకు చాలావరకు ల్యాప్‌టాప్‌కు ఉన్నట్టే వేరే అడాప్టర్ ఇటుక ఉంటుంది. అది 100-240 అయితే నిశ్చింత. మందును సన్న తుంపరగా చేసి పీల్పించే నెబ్యులైజర్ అలా కాదు, మన ఇళ్లలో ఉండేది గాలి పంపు (కంప్రెసర్) ఉన్న రకం. తీగ నేరుగా మెషీన్ లోపలి మోటారుకు వెళ్తుంది, రేకు మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉంటుంది.

మా పై అంతస్తు అత్తయ్య గారు కొడుకు దగ్గరికి హ్యూస్టన్ వెళ్లినప్పుడు అలాంటిదే తీసుకెళ్లారు. అడాప్టర్ పెట్టారు, పిన్ను దూరింది. మొదటి వారం అవసరం పడలేదు, కాబట్టి ఎవరూ పరీక్షించలేదు. ఒక రాత్రి దగ్గు పట్టుకుంటే మెషీన్ ఆన్ చేశారు. గుర్రుమంది గానీ మాస్కులోంచి మందు తుంపర రాలేదు. రాత్రి పన్నెండింటికి కొడుకు కారేసుకుని మందుల షాపులు తిరిగాడు. ఆ రాత్రి ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఊపిరి కోసం పడిన అవస్థ గురించి చెబుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. బయల్దేరే ముందు రోజు ఆ రేకు మీద ఒక్క వరుస చదివి ఉంటే ఇది జరిగేది కాదు.

చేతిలో పట్టుకునే, సన్న జల్లెడతో మందును తుంపర చేసే మెష్ నెబ్యులైజర్లు బ్యాటరీతోనూ, యూఎస్‌బీతోనూ నడిచేవి దొరుకుతున్నాయి. ప్రయాణానికి అవి మంచివి, అయితే మీ మందు అందులో వాడొచ్చో లేదో డాక్టర్‌ను అడగండి. ఏ మెషీన్ అయినా దిగిన రోజే ఒకసారి నడిపి చూడండి. చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకండి, చేతి సంచిలోనే ఉంచుకోండి.

గల్ఫ్‌లో రూమ్‌మేట్స్ పై రంధ్రంలో పెన్ను గుచ్చి మన ఛార్జర్ పెడుతున్నారు. తప్పా?

తప్పే, ప్రాణం మీదికి తెచ్చే తప్పు. జి రకం సాకెట్టులో కింది రెండు రంధ్రాలకు లోపల చిన్న తలుపులుంటాయి, పిల్లలు మేకులు గుచ్చకుండా. పైనున్న ఎర్త్ పిన్ను పొడుగ్గా ఉంటుంది. అది ముందు లోపలికెళ్లి ఆ తలుపులను తెరుస్తుంది. పెన్ను రీఫిల్‌తోనో, స్క్రూడ్రైవర్‌తోనో ఆ తలుపు తెరిచి మన గుండ్రటి పిన్నులు దోపితే అవి అక్కడ గట్టిగా పట్టవు. పలక పిన్ను కోసం చేసిన బిగింపు గుండ్రటి పిన్నును ఒక అంచున మాత్రమే తాకుతుంది. ఆ అంచు దగ్గర వేడి పుడుతుంది. ఛార్జర్ తీసి చూస్తే పిన్ను చివర నల్లటి మచ్చ కనబడుతుంది, వేలితో తుడిస్తే మసి అంటుతుంది. సాకెట్టు బిగింపు కూడా సాగిపోయి, తర్వాత సరైన ప్లగ్గు పెట్టినా వదులుగా ఉంటుంది. ఒక్కో గదిలో ఆరుగురు, ఎనిమిదిమంది రాత్రంతా ఫోన్లు ఛార్జింగ్ పెట్టి నిద్రపోయే చోట ఇది మంట పెట్టడానికి చాలు.

జి రకం అసలు ప్లగ్గులో చిన్న ఫ్యూజు కూడా ఉంటుంది, 3 ఆంపియర్లదో 13 ఆంపియర్లదో. పెన్ను పద్ధతిలో ఆ రక్షణా పోయినట్టే. అడాప్టర్ అక్కడి సూపర్‌మార్కెట్‌లో ఒక టీ, సమోసా ఖర్చుకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. తమ్ముడూ, ఆ మాత్రం ఖర్చు పెట్టు.

ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ ముట్టుకుంటే చేతికి జుమ్మంటోంది. షాకా?

మూడు పిన్నుల ఛార్జర్‌ను రెండు పిన్నుల అడాప్టర్‌కు పెట్టి ఉంటారు. ఛార్జర్ లోపలి కెపాసిటర్ల గుండా అతి కొద్ది కరెంటు ఎర్త్‌లోకి పోవాలి. రెండు పిన్నుల అడాప్టర్‌లో ఎర్త్‌కు దారి ఉండదు కాబట్టి అది ల్యాప్‌టాప్ లోహపు ఒంటి మీద నిలిచి మీ చేతికి తెలుస్తుంది. ఛార్జర్ బాగున్నంతవరకు ఇది ప్రమాదకరం కాదు. ఎర్త్ ఉన్న అడాప్టర్ వాడితే పోతుంది. గట్టిగా కొట్టినట్టుంటే మాత్రం ఆ ఛార్జర్ వాడటం ఆపేయండి.

ఒక్క అడాప్టర్, ఇక్కడి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి తీసుకెళ్తే నాలుగూ పెట్టుకోవచ్చుగా?

ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్ల వరకు పెట్టుకోవచ్చు. నేనూ అలా చేసినవాణ్నే. అయితే అమెరికాలో దానికి రూమ్ హీటర్‌నో, కెటిల్‌నో తగిలించకూడదు. 1500 వాట్ల హీటర్ మన 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. అంతే వాట్ల హీటర్ 120 దగ్గర పన్నెండున్నర లాగుతుంది. 6 ఆంపియర్లకు చేసిన మన బోర్డు తీగ మెత్తబడి కరిగిపోతుంది. చలికాలం రాత్రి కార్పెట్ మీద అది ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. అక్కడి యూనివర్సిటీ హాస్టళ్లలో చాలాచోట్ల బయటి బోర్డులను అనుమతించరు కూడా.

పవర్ బ్యాంక్ ఏ సంచిలో పెట్టాలి? ఎంతది తీసుకెళ్లచ్చు?

చేతి సంచిలో. చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు. లిథియం బ్యాటరీ ఒకసారి తనంతట తాను వేడెక్కడం మొదలుపెడితే ఆ వేడే దాన్ని ఇంకా మండిస్తుంది. క్యాబిన్‌లో అయితే సిబ్బంది చూసి నీళ్లు పోయగలరు. సరుకుల అరలో ఎవరూ ఉండరు.

లెక్క ఇలా: పవర్ బ్యాంక్ మీది మిల్లీ ఆంపియర్-అవర్ అంకెను 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. వచ్చేది వాట్-అవర్లు, అంటే బ్యాటరీలో పట్టే మొత్తం శక్తి. 10,000ది 37 వాట్-అవర్లు, 20,000ది 74. వంద వరకు మామూలుగా అనుమతిస్తారు. వంద నుంచి 160 వరకు ఎయిర్‌లైన్ ముందస్తు అనుమతి కావాలి. ఆపైది ప్రయాణికుల విమానంలోకి రానివ్వరు. 30,000ది 111 అవుతుంది కాబట్టి కొనే ముందు ఆలోచించండి. అక్షరాలు చెరిగిపోయిన పాతది సెక్యూరిటీ దగ్గర ఆపేసే అవకాశం ఉంది, ఎందుకంటే వాళ్లు చూడాల్సిన అంకె దాని మీద ఉండదు.

2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం మంటల్లో చిక్కుకున్నాక నియమాలు బిగిశాయి. విశాఖ నుంచి నేరుగా సింగపూర్ వెళ్లే స్కూట్ విమానాల్లో 2025 ఏప్రిల్ 1 నుంచి పవర్ బ్యాంక్‌తో ఫోన్ ఛార్జ్ చేయడం, పవర్ బ్యాంక్‌నే ఛార్జ్ చేయడం రెండూ నిషేధం. ఎమిరేట్స్ 2025 అక్టోబర్ 1 నుంచి ఒక్కదాన్నే, వంద వాట్-అవర్ల లోపుదాన్నే తేనిస్తోంది, వాడనివ్వదు. చైనా లోపలి విమానాల్లో 3సీ గుర్తు (చైనా భద్రతా ధ్రువీకరణ ముద్ర) లేని పవర్ బ్యాంక్ తీసేసుకుంటారు. మీ ఎయిర్‌లైన్ నియమం టికెట్‌తో పాటే చదువుకోండి. విమానం ఎక్కేముందే ఫోన్ నిండా ఛార్జ్ చేసుకోండి.

ఎయిర్‌పోర్టుల్లో యూఎస్‌బీ రంధ్రాల్లో పెట్టుకోవచ్చా?

యూఎస్‌బీ తీగ గుండా కరెంటుతో పాటు ఫోన్‌లోని సమాచారం కూడా వెళ్లగలదు కాబట్టి, మీ సొంత ఛార్జర్‌ను గోడ సాకెట్టులో పెట్టుకోవడం మంచిది. తప్పనిసరై యూఎస్‌బీలో పెడితే, ఫోన్ అనుమతి అడిగినప్పుడు ఛార్జింగ్ మాత్రమే ఎంచుకోండి.

మా వాడు మొదటిసారి ఓడ ఎక్కుతున్నాడు. క్యాబిన్‌లో కరెంటు ఎలా ఉంటుంది?

ఓడల్లో ఎక్కువగా 440 వోల్టులు, 60 హెర్ట్జ్ తయారవుతుంది. క్యాబిన్‌కు 220గానో, 110గానో వస్తుంది. సాకెట్టు పక్కన రాసి ఉంటుంది. లేకపోతే ఎలక్ట్రికల్ ఆఫీసర్‌ను అడగమనండి, సిగ్గుపడక్కర్లేదు. యూరప్ తరహా రెండు పిన్నుల అడాప్టర్ ఒకటి, అమెరికా తరహాది ఒకటి సంచిలో వేయండి.

సర్జ్ ప్రొటెక్టర్ (వోల్టేజీ ఒక్కసారిగా పెరిగితే కాపాడే భాగం) ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం పంపకండి. ఇంట్లో ఒక తీగ లైవు, ఒకటి న్యూట్రల్. ఓడలో క్యాబిన్ కరెంటును ఓడ ఒంటికి కలపరు, రెండు తీగలూ లైవే. ఓడలో ఎక్కడో ఒక తీగ ఇనుముకు తాకితే, బోర్డులోని సర్జ్ భాగం మీద అది ఓర్చుకోలేనంత వోల్టేజీ పడి కాలడం మొదలవుతుంది. ఒక రాత్రి నా కాపలా వంతులో (వాచ్) మెయిన్ స్విచ్‌బోర్డు మీది మూడు ఎర్త్ ల్యాంపుల్లో ఒకటి మసకబారింది, అంటే ఎక్కడో ఒక తీగ ఓడ ఇనుముకు తాకిందన్నమాట. తప్పు ఎక్కడుందోనని ఒక్కో వైపు వెళ్లే కరెంటు లైనును (ఫీడర్) ఆపుతూ వెతుకుతుంటే, కింది డెక్ నడవాలో కాలిన ప్లాస్టిక్ వాసన. వంటవాడి క్యాబిన్‌లో పరుపు పక్కన తెల్ల బోర్డు, ఒక మూల గోధుమ రంగుకు తిరిగి ఉబ్బింది. ఇంకో అరగంట ఆగితే దుప్పటి అంటుకునేది. సముద్రం మధ్యలో ఫైరింజన్ రాదు. విహార నౌకలు ఇలాంటి బోర్డులను గేటు దగ్గరే తీసేసుకునేది ఇందుకే.

ఇక్కడ అడాప్టర్ కొనేటప్పుడు ఏం చూడాలి?

జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు రకరకాలవి అమ్ముతారు. వెళ్లే దేశానికి సరిపోయే ఒక్క దేశపు అడాప్టర్, అన్ని దేశాల పిన్నులూ జారుతూ వచ్చే డబ్బా కంటే గట్టిగా పడుతుంది. చేతిలో పట్టుకుని ఊపండి, లోపల గలగలమంటే వదిలేయండి. ఆంపియర్లు రాసి ఉండాలి, ఎర్త్ పిన్ను నిజమైన లోహం కావాలి. కొన్నిటిలో అది ప్లాస్టిక్‌దే.

మన ఊళ్లో ఇంకో సంగతి ఉంది. బీచ్‌కు దగ్గరి ఇళ్లలో ఉప్పు గాలికి ఇత్తడి పిన్నులు ఏడాదిలోపే చిలుము పట్టి ఆకుపచ్చగా మారతాయి. కిందటిసారి తెచ్చుకున్న అడాప్టర్ బీరువాలోంచి తీసి అలాగే సంచిలో వేసుకోకండి. పచ్చటి పొర ఉంటే అక్కడే వేడి పుడుతుంది. కొత్తది కొనుక్కోండి.

అమెరికా నుంచి తెచ్చిన కుక్కర్, కాఫీ మేకర్ విశాఖలో పెట్టుకోవచ్చా?

120 వోల్టులదైతే నేరుగా పెట్టకూడదు. ఇది మొదటి దానికి తలకిందులు, ఇంకా ప్రమాదం. కాయిల్ మీద మూడున్నర రెట్లకు మించి వేడి పడుతుంది. సెకన్లలో ఠప్‌మని ఫ్యూజో, కాయిలో పోతుంది, ఒక్కోసారి మంట కూడా. పిల్లలు ప్రేమగా తెచ్చిన వస్తువును పక్కన పెట్టడానికి మనసొప్పదు. సరిపడా సామర్థ్యమున్న స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కుని వాడండి. ఫోన్ ఛార్జర్, ల్యాప్‌టాప్‌లకు ఇది అక్కర్లేదు.

నిప్పురవ్వ వచ్చినా, కాలిన వాసన వచ్చినా, బ్యాటరీ ఉబ్బినా ఏం చేయాలి?

పెట్టేటప్పుడు చిన్న రవ్వ కనబడటం ల్యాప్‌టాప్ ఛార్జర్లకు మామూలే. వాసన వస్తే గోడ స్విచ్ ఆపండి. అమెరికాలో చాలా సాకెట్లకు స్విచ్ ఉండదు కాబట్టి పొడి చేత్తో ప్లగ్గు ఒళ్లు పట్టుకుని లాగండి, తీగ పట్టి లాగకండి. అప్పటికే పొగ, మంట ఉంటే దాన్ని ముట్టుకోకుండా ఇంటి మెయిన్ బ్రేకర్ దించి బయటికి రండి. కరెంటు ఉన్నంతసేపు నీళ్లు పోయకండి.

ఫోన్ గానీ పవర్ బ్యాంక్ గానీ ఉబ్బితే దాన్ని గుచ్చకండి, నొక్కకండి, ఛార్జ్ చేయకండి. దిండు కిందా పరుపు మీదా కాకుండా గచ్చు మీదో సిరామిక్ పళ్లెంలోనో పెట్టి, అక్కడి ఎలక్ట్రానిక్స్ షాపులో బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయండి. విమానంలో ఉండగా అది వేడెక్కినా, ఫోన్ సీటు సందులోకి జారిపోయినా, సీటు కదపకుండా వెంటనే సిబ్బందిని పిలవండి. కదిపితే అది నలిగి అంటుకుంటుంది.